నంబర్ డిలీట్ చేస్తే మీరు కనబడకుండా పోతారా? యాహూ మెసెంజర్ రైట్ క్లిక్ మెనూ చూస్తే అర్థమైపోతుంది

"నంబర్ డిలీట్ చేసేశా కదా, ఇక నేను వాడికి కనిపించను." వాట్సాప్ వాడేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటూనే ఉంటాం. సంబంధం తప్పిపోయినా, ఆఫీసు మానేసినా, స్నేహం చెడినా చాలామంది చేసే మొదటి పని ఇదే. కాంటాక్ట్స్‌లోకి వెళ్లి నంబర్ తీసేస్తారు. కానీ ఆ నంబర్ పోయింది మీ ఫోన్‌లో మాత్రమే. అవతలివాళ్ల ఫోన్‌లో మీ నంబర్ అలాగే ఉంది. మీ డీపీ సెట్టింగ్ 'ఎవ్రీవన్' అని ఉంటే, నిన్న ఎలా కనిపించిందో ఈరోజూ వాళ్లకి అలాగే కనిపిస్తుంది.

ఈ తికమక వాట్సాప్‌తో పుట్టింది కాదు. పాతికేళ్ల కిందట యాహూ మెసెంజర్‌లో కూడా సరిగ్గా ఇదే జరిగింది. ఇంకా చెప్పాలంటే, ఈ సంగతి అర్థం కావడానికి ఇప్పటి వాట్సాప్ సెట్టింగ్స్ కంటే ఆ పాత మెనూయే సులువు. ఒక మనిషి పేరు మీద మౌస్ పెట్టి రైట్ క్లిక్ కొడితే చాలు, ఆ ఒక్క మనిషి విషయంలో మీరు ఏమేం చేయొచ్చో అన్నీ వరుసగా తెరుచుకునేవి. ఇప్పుడు అవే ఆప్షన్లు నాలుగైదు పేజీల్లో తలో మూలా ఉన్నాయి.

అసలు యాహూ మెసెంజర్ అంటే ఏంటి?

ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లకి ఈ పేరు పెద్దగా తెలియకపోవచ్చు. మీ ఇంట్లో అక్కనో, బాబాయినో, పిన్నినో అడగండి, మొహం వెలిగిపోతుంది. 1998 మార్చిలో 'యాహూ పేజర్' పేరుతో వచ్చింది. మరుసటి ఏడాది పేరు మార్చి యాహూ మెసెంజర్ అన్నారు. 2018 జులై 17న మూసేశారు. అంటే ఇరవై ఏళ్లు నడిచింది. దీనికంటే ముందు 1996లోనే ఇజ్రాయెల్ కుర్రాళ్లు తెచ్చిన ఐసీక్యూ ఉంది, 1999లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎంఎస్‌ఎన్ మెసెంజర్ ఉంది. కానీ మన దగ్గర నెట్ సెంటర్లలో కంప్యూటర్ ఆన్ చేయగానే కింద మూలన కనిపించే పసుపు స్మైలీ మాత్రం యాహూదే.

ఇంట్లో కంప్యూటర్ లేని రోజులవి. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునే కుర్రాళ్లు, వీసా వచ్చి అమెరికా వెళ్లిన కొడుకుతో మాట్లాడాలని వచ్చే అమ్మానాన్నలు, అందరూ గంటల లెక్కన డబ్బు కట్టి చెక్క క్యాబిన్‌లో కూర్చునేవాళ్లు. ఐఎస్‌డీ కాల్ అంటే జేబుకి చిల్లు కాబట్టి, హెడ్‌సెట్ పెట్టుకుని యాహూ వాయిస్‌లో మాట్లాడేవాళ్లు. వెబ్‌క్యామ్‌లో మనవడి మొహం ముక్కలు ముక్కలుగా కనిపించినా సంబరమే. తెలుగు టైపింగ్ ఎవరికీ రాదు కాబట్టి ఎలా ఉన్నావ్, తిన్నావా అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

మరి పేరు మీద రైట్ క్లిక్ కొడితే?

మెసెంజర్ కిటికీలో మీ స్నేహితుల పేర్లు గ్రూపుల వారీగా ఉండేవి. ఫ్రెండ్స్, ఫ్యామిలీ, ఆఫీస్... మీ ఇష్టం, ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ల పక్కన స్మైలీ పచ్చగా వెలిగేది, లేనివాళ్లది బూడిద రంగులో.

మెనూలో పైన ఉండేవి అందరికీ తెలిసినవే. మెసేజ్ పంపు, ఫైల్ పంపు, కంప్యూటర్‌కి కాల్ చెయ్, వెబ్‌క్యామ్ చూపించమని అడుగు. వీటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చాట్ కిటికీలో కంట్రోల్ ప్లస్ జీ నొక్కితే అవతలివాళ్ల దగ్గర ఆ చాట్ కిటికీ గడగడా వణికే 'బజ్' కూడా ఇదే తరహా సరదా. రిప్లై ఇవ్వకపోతే బజ్, ఇచ్చినా బజ్. విసుగెత్తించడానికి దానికి మించింది ఇంకోటి లేదనుకోండి.

అసలు కథ మెనూ కింది భాగంలో ఉండేది. కాంటాక్ట్ వివరాలు, వేరే గ్రూపుకి మార్చు, స్టెల్త్ సెట్టింగ్స్, డిలీట్, ఇగ్నోర్. చూడ్డానికి ఐదూ ఒకేలా కనిపిస్తాయి. కానీ వీటిలో కొన్ని మీ వైపు మాత్రమే పనిచేస్తాయి. కొన్ని అవతలి వైపు పనిచేస్తాయి. ఏది ఎటు పనిచేస్తుందో తెలియకే జనం దొరికిపోయేవాళ్లు.

గ్రూపు మార్చడం, కాంటాక్ట్ వివరాల్లో పేరు మార్చి రాసుకోవడం పూర్తిగా మీ సొంత వ్యవహారం. బాస్‌ని 'తలనొప్పి' అనే గ్రూపులో పడేసినా ఆయనకి తెలిసే అవకాశమే లేదు. ఇంట్లో గోడ మీద మీరు రాసుకున్న చీటీ లాంటిదన్నమాట. ఇక్కడివరకు గొడవ లేదు.

డిలీట్ దగ్గరే దెబ్బ పడేది

డిలీట్ కొడితే ఆ పేరు మీ లిస్టులోంచి పోతుంది. అక్కడితో పని అయిపోయిందని అనుకునేవాళ్లు. కానీ లిస్టులు రెండు. మీ లిస్టులో వాళ్లున్నారా అన్నది ఒకటి. వాళ్ల లిస్టులో మీరున్నారా అన్నది ఇంకోటి. మీరు డిలీట్ కొట్టింది మొదటిదాన్ని. రెండోది కదల్లేదు. ఫలితం ఏంటంటే, మీకు వాళ్లు కనిపించరు, వాళ్లకి మాత్రం మీరు కనిపిస్తూనే ఉంటారు. మీరు ఎప్పుడు లాగిన్ అవుతున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, రాత్రి ఎన్నింటికి వెళ్తున్నారు, అన్నీ.

ఆలోచించి చూస్తే ఇది డిలీట్ చేయకముందు కంటే ప్రమాదం. పేరు లిస్టులో ఉంటే కనీసం అవతలి మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నాడని మీకు తెలిసేది, జాగ్రత్తపడేవాళ్లు. తీసేశాక ఆ కాస్త సమాచారం కూడా మీ చేతిలో ఉండదు. చూసేవాడు చూస్తూనే ఉంటాడు, మీకు మాత్రం తెర పడిపోతుంది.

ఈ రెండు లిస్టుల సంగతిని ఎంఎస్‌ఎన్ మెసెంజర్ ఇంకా తేటగా చూపించింది. దాని లోపల ఒక్కో యూజర్‌కి నాలుగు జాబితాలు ఉండేవి. మీరు యాడ్ చేసుకున్నవాళ్లు, మీరు అనుమతించినవాళ్లు, మీరు బ్లాక్ చేసినవాళ్లు, నాలుగోది మిమ్మల్ని యాడ్ చేసుకున్నవాళ్లు. నాలుగో జాబితాని దాచిపెట్టలేదు కూడా. ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక బటన్ నొక్కితే మిమ్మల్ని ఎవరెవరు తమ లిస్టులో పెట్టుకున్నారో పేర్లతో సహా వచ్చేసేది. అంతేకాదు, ఎవరినైనా డిలీట్ చేయబోతే 'ఈ కాంటాక్ట్‌ని బ్లాక్ కూడా చేయమంటారా?' అని పక్కన చిన్న టిక్ బాక్స్ పెట్టి అడిగేది. డిలీట్ వేరు, బ్లాక్ వేరు అని యూజర్‌కి అంత సింపుల్‌గా చెప్పిన ప్రోగ్రామ్ తర్వాత ఇంకోటి రాలేదేమో అనిపిస్తుంది.

ఇప్పుడు మీ నంబర్‌ని ఎంతమంది తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నారో చూపించే బటన్ వాట్సాప్‌లో ఉందా? లేదు. కొరియర్ అబ్బాయి నుంచి ఇల్లు చూపించిన బ్రోకర్ దాకా ఎవరి ఫోన్‌లోనైనా మీరు ఉండొచ్చు.

స్టెల్త్ సెట్టింగ్స్: దాక్కునే కళ

యాహూ మెనూలో అన్నిటికంటే తెలివైన ఆప్షన్ ఇది. చాలామంది దీన్ని తెరిచి కూడా చూడలేదు.

అందరికీ తెలిసింది 'ఇన్విజిబుల్'. లాగిన్ పేజీలోనే దానికో టిక్ బాక్స్ ఉండేది. టిక్ పెడితే మీరు లోపలికి వచ్చినా ఎవరికీ కనిపించరు. మెసేజ్‌లు మాత్రం వస్తాయి. కానీ ఇది అందరికీ ఒకేసారి వేసే తెర. ఒక్కడి కోసం యాభైమందికి కనబడకుండా ఉండాలి. ఇది న్యాయం కాదు కదా? దీనికి మందే స్టెల్త్.

ఒక పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, స్టెల్త్‌లోకి వెళ్లి, 'ఈ మనిషికి శాశ్వతంగా ఆఫ్‌లైన్‌లో ఉన్నట్టు కనిపించు' అని పెట్టొచ్చు. అప్పుడు మీరు అందరికీ పచ్చగా వెలుగుతున్నా, ఆ ఒక్క మనిషికి మాత్రం మీ స్మైలీ ఎప్పుడూ బూడిద రంగే. మీ లిస్టులో ఆ పేరు కాస్త వాలు అక్షరాల్లోకి మారేది, మర్చిపోకుండా మీకు గుర్తన్నమాట. దీనికి తిరగేసి కూడా చేయొచ్చు. ఇన్విజిబుల్‌లో కూర్చుని ఒక్కరికి మాత్రం ఆన్‌లైన్‌లో కనిపించడం. లిస్టులో నూరుమంది ఉన్నా కాబోయే ఆవిడకి మాత్రమే వెలిగిన స్మైలీలు ఆ రోజుల్లో ఎన్ని ఉన్నాయో! గ్రూపు పేరు మీద రైట్ క్లిక్ కొడితే ఆఫీస్ గ్రూపు మొత్తానికి ఒకేసారి ఈ సెట్టింగ్ పెట్టే వీలు కూడా ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. స్టెల్త్‌లో ఇచ్చిపుచ్చుకోవడం లేదు. మీరు వాళ్లకి కనిపించకపోయినా, వాళ్లు మీకు కనిపిస్తారు. డిలీట్ చేస్తే మీకు తెర, వాళ్లకి కిటికీ. స్టెల్త్ పెడితే మీకు కిటికీ, వాళ్లకి తెర. ఎవరికి ఇబ్బంది ఎదురవుతోందో వాళ్ల చేతికి దొరికిన మంచి ఆయుధం ఇదే. వేధించేవాడు ఎప్పుడు ఆన్‌లైన్‌కి వస్తున్నాడో మీకు తెలుస్తుంది, మీరు వచ్చినట్టు వాడికి తెలియదు.

అయితే ఇది పూర్తి రక్షణ కాదు. శాశ్వతంగా ఆఫ్‌లైన్ అని పెట్టినా, వాళ్లు పంపిన మెసేజ్ మీకు వచ్చేది. పొరపాటున రిప్లై కొట్టారంటే కథ కంచికే. 'ఆఫ్‌లైన్‌లో ఉన్నావ్, మెసేజ్ ఎలా పెట్టావ్?' అన్న ప్రశ్నకి అప్పట్లో చాలామంది దగ్గర జవాబు లేదు.

ఇన్విజిబుల్‌లో ఉన్నవాళ్లని పట్టుకోవడానికి జనం కనిపెట్టిన చిట్కాలు అన్నీఇన్నీ కావు. వాటిలో బాగా పాకింది 'డూడుల్' ట్రిక్. చాట్ కిటికీలో ఇద్దరూ కలిసి బొమ్మలు గీసుకునే బోర్డు ఒకటి ఉండేది. ఆఫ్‌లైన్‌లో ఉన్నట్టు కనిపించే స్నేహితుడి పేరు మీద ఆ బోర్డు తెరిచి, 'మీ ఫ్రెండ్ కోసం ఎదురుచూస్తున్నాం' అన్న మాట అలాగే ఉండిపోయిందా, కాసేపటికి పోయిందా అని చూసేవాళ్లు. పోయిందంటే మనిషి లోపలే ఉన్నట్టు లెక్క. స్టేటస్ దాచినంత పకడ్బందీగా బొమ్మల బోర్డుని దాచలేదన్నమాట. తర్వాత ఇదే పని చేసిపెడతామంటూ బోలెడు సైట్లు పుట్టుకొచ్చాయి. 'మిమ్మల్ని ఎవరు బ్లాక్ చేశారో చెబుతాం, మీ ఐడీ పాస్‌వర్డ్ ఇవ్వండి' అనే సైట్లు కూడా. పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లకి దొరికిన సమాధానం ఏంటంటే, అకౌంట్ చేజారిపోవడం. 'మీ డీపీ ఎవరు చూశారో చెప్పే యాప్' అంటూ ఇప్పుడు వచ్చే లింకులు వాటి మనవలే.

ఇగ్నోర్ అంటే తలుపు మూయడం

మెనూలో అన్నిటికంటే గట్టిది ఇగ్నోర్. ఇది పెట్టాక ఆ మనిషి ఎన్ని మెసేజ్‌లు కొట్టినా మీ దాకా రావు. అవతలి మనిషికి 'మిమ్మల్ని ఇగ్నోర్ చేశారు' అన్న నోటీసు కూడా వెళ్లదు. మెసేజ్ పంపాననే అనుకుంటాడు, మీరు చూడలేదనుకుంటాడు. మీ లిస్టులో ఉన్నవాళ్లని ఇగ్నోర్ చేయాలంటే ముందు లిస్టులోంచి తీసేయాల్సి వచ్చేది. స్నేహితుడిగా ఉంచుకుంటూనే తలుపు మూస్తానంటే కుదరదు అని ప్రోగ్రామే తేల్చి చెప్పేసింది.

ఇగ్నోర్ లిస్ట్ పేజీలో ఇంకో మంచి సదుపాయం ఉంది. 'నా లిస్టులో లేనివాళ్లందర్నీ ఇగ్నోర్ చెయ్'. చాట్‌రూమ్‌లో అమ్మాయి పేరుతో ఐడీ కనిపిస్తే చాలు, వయసెంత, ఊరెక్కడ అని పదిమంది మీదపడే రోజుల్లో ఆడపిల్లలకి ఇది నిజంగా పనికొచ్చిన ఆప్షన్. ఆ పబ్లిక్ చాట్‌రూమ్‌లని యాహూ 2012 డిసెంబర్‌లో ఎత్తేసింది. అప్పటికే అక్కడ మనుషుల కంటే ప్రకటనలు పోసే బాట్‌లే ఎక్కువగా ఉండేవి, కాబట్టి ఏడ్చినవాళ్లు తక్కువే.

ఇప్పుడు మీ ఫోన్ చేతిలోకి తీసుకోండి

ఈ పాత మెనూని వాట్సాప్ మీద పెట్టి చూద్దాం. ఏ ఆప్షన్ ఎటు పనిచేస్తుందన్న ఒక్క ప్రశ్నే ఇక్కడా అడగాలి.

ముందు నంబర్ డిలీట్. ఇది పనిచేస్తుందా లేదా అన్నది వేరే సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి ప్రొఫైల్ ఫొటో దగ్గర చూడండి. 'ఎవ్రీవన్' అని ఉంటే నంబర్ తీసేసినా ఉపయోగం సున్నా. 'మై కాంటాక్ట్స్' అని ఉంటే మాత్రం, మీ ఫోన్‌లో నంబర్ లేనివాళ్లకి ఫొటో కనిపించదు, కాబట్టి అక్కడ డిలీట్ పనిచేసినట్టే. లాస్ట్ సీన్, అబౌట్‌కి కూడా ఇదే లెక్క. అంటే ఒకే పని, సెట్టింగ్‌ని బట్టి రెండు ఫలితాలు. యాహూలో కనీసం ఈ మెలిక లేదు.

స్టెల్త్‌కి దగ్గరగా వచ్చేది 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్'. లాస్ట్ సీన్, ప్రొఫైల్ ఫొటోలకి ఇది వచ్చింది 2022లో. కాంటాక్ట్స్ అందరికీ కనిపిస్తూ, మీరు టిక్ పెట్టిన కొందరికి మాత్రం కనిపించకుండా ఉండొచ్చు. యాహూలో ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందే ఉన్న సదుపాయం వాట్సాప్‌లోకి రావడానికి ఇంతకాలం పట్టింది. ఒక తేడా కూడా ఉంది. మీ లాస్ట్ సీన్‌ని ఎవరి దగ్గర దాస్తారో, వాళ్ల లాస్ట్ సీన్ కూడా మీకు కనిపించదు. వినడానికి సమానంగా, న్యాయంగానే ఉంది. కానీ వెంటపడేవాడికీ, భయపడేవాళ్లకీ ఒకే తూకం వేయడం న్యాయమా? ఈ విషయంలో యాహూ పద్ధతే మేలని మా అభిప్రాయం.

ఇక్కడే ఇంకోటి చూసుకోండి. లాస్ట్ సీన్ దాచారు కానీ 'ఆన్‌లైన్' అని చూపించేదాన్ని దాచారా? అదే పేజీలో కింద వేరే ఆప్షన్‌గా ఉంటుంది. 'సేమ్ యాజ్ లాస్ట్ సీన్' అని పెట్టకపోతే మీరు వాట్సాప్ తెరిచిన ప్రతిసారీ పైన ఆన్‌లైన్ అని వెలుగుతూనే ఉంటుంది. లాస్ట్ సీన్ ఒక్కటే దాచి, దీన్ని వదిలేసేవాళ్లు చాలామంది.

స్టేటస్‌ల సంగతి వేరు. మీ స్టేటస్ ఒకరికి కనిపించాలంటే మీ ఫోన్‌లో వాళ్ల నంబర్, వాళ్ల ఫోన్‌లో మీ నంబర్ రెండూ సేవ్ అయి ఉండాలి. కాబట్టి ఇక్కడ మాత్రం మీరు డిలీట్ చేస్తే చాలు. యాహూ రోజుల్లో జనం డిలీట్ నుంచి ఏం ఆశించారో, అది దొరికింది ఇక్కడే.

ఇగ్నోర్‌కి ఇప్పటి పేరు బ్లాక్. బ్లాక్ చేస్తే మెసేజ్‌లు, కాల్స్ రావు. మీ లాస్ట్ సీన్, ఆన్‌లైన్, స్టేటస్, మారిన డీపీ ఏవీ వాళ్లకి కనిపించవు. వాళ్లు పంపిన మెసేజ్ ఒక్క టిక్ దగ్గరే ఆగిపోతుంది. నోటీసు వెళ్లదు, కానీ ఒంటి టిక్, ఆగిపోయిన డీపీ చూసి ఊహించేస్తారు. బ్లాక్‌లో కూడా ఒక సందు ఉంది, అదే గ్రూపులు. బంధువుల గ్రూపులోనో, అపార్ట్‌మెంట్ గ్రూపులోనో ఇద్దరూ ఉంటే, మీరు అక్కడ పెట్టే ప్రతి మెసేజ్ బ్లాక్ చేసిన మనిషికి శుభ్రంగా వెళ్తుంది. 'ఊరెళ్తున్నాం, పది రోజులు ఉండం' అని గ్రూపులో పెట్టే ముందు ఆ గ్రూపులో ఎవరెవరున్నారో ఒకసారి కిందకి జరిపి చూసుకోవడం మంచిది. గ్రూపుల్లో ఎవరు పడితే వాళ్లు మిమ్మల్ని యాడ్ చేయకుండా కూడా ప్రైవసీ పేజీలోనే ఆపొచ్చు.

'లిస్టులో లేనివాళ్లని ఇగ్నోర్ చెయ్' అన్న పాత ఆప్షన్‌కి సగం పోలిక 2023లో వచ్చిన 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్'. సగమే ఎందుకంటే, అది తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ మోగకుండా ఆపుతుంది. మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి.

టెలిగ్రామ్ వాడేవాళ్లకి పని ఇంకాస్త తేలిక. లాస్ట్ సీన్ దగ్గర 'వీళ్లకి ఎప్పుడూ చూపించు', 'వీళ్లకి ఎప్పుడూ చూపించకు' అని రెండు జాబితాలు విడివిడిగా ఉంటాయి. యాహూ స్టెల్త్‌కి అచ్చం అన్నదమ్ములు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే 2019లో వచ్చిన 'రిస్ట్రిక్ట్' చూడండి. బ్లాక్ చేస్తే గొడవ అవుతుందనుకునే దగ్గర ఇది పనికొస్తుంది. వాళ్ల మెసేజ్‌లు రిక్వెస్ట్స్‌లోకి పోతాయి, మీరు చదివారో లేదో, యాక్టివ్‌గా ఉన్నారో లేదో వాళ్లకి తెలియదు.

సెట్టింగ్ మార్చినా వదలకపోతే?

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఏ నంబర్ బ్లాక్ చేసినా కొత్త నంబర్‌తో వచ్చేవాడిని, ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నావో నాకు తెలుసు అని బెదిరించేవాడిని సెట్టింగ్స్‌తో ఆపడం కష్టం. అది చట్టం పని. ఒక మహిళ ఇంటర్నెట్ వాడకాన్ని, ఈమెయిల్ లేదా ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల్ని కనిపెట్టి చూడటం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78 కింద వెంటపడి వేధించడమే. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో ఇది 2013లో 354డీగా వచ్చింది. ఫిర్యాదుకి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ ఉంది, 1930 హెల్ప్‌లైన్ ఉంది, మహిళలకి 181 ఉంది. బ్లాక్ చేసే ముందు ఆ మెసేజ్‌లన్నీ, నంబర్ కనిపించేలా, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కోపంలో ముందు చాట్ మొత్తం డిలీట్ చేసేసి, తర్వాత ఆధారాల కోసం వెతుక్కునేవాళ్లే ఎక్కువ.

పాత కంప్యూటర్ ఇంకా ఇంట్లోనే ఉందా?

యాహూ మెనూలో చెప్పకుండా వదిలేసింది ఇంకోటి ఉంది. మెసేజ్ ఆర్కైవ్. ఒక మనిషితో మీరు చేసిన చాట్ మొత్తాన్ని తేదీల వారీగా దాచిపెట్టేది. దాచాలా వద్దా అన్నదానికి మూడు దారులు ఉండేవి. అన్నీ దాచు, సైన్ అవుట్ అయ్యేదాకా మాత్రమే దాచు, అసలు దాచకు.

దాచేది ఎక్కడనుకున్నారు? మీరు కూర్చున్న ఆ కంప్యూటర్‌లోనే. నెట్ సెంటర్‌లో 'అన్నీ దాచు' అని పెట్టి ఉన్న సిస్టమ్ ముందు కూర్చుంటే, మీ కబుర్లన్నీ అక్కడే ఉండిపోయేవి. ఫైల్ తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి సేఫ్ అనుకునేవాళ్లు. కానీ ఆ దాపరికం పలుచటి తెర లాంటిది. ఆ అక్షరాలని కలగాపులగం చేయడానికి వాడిన తాళం మీ యాహూ ఐడీయే. పాస్‌వర్డ్ కాదు, ఐడీ! అది ఫోల్డర్ పేరుగా పక్కనే రాసి ఉంటుంది. తలుపుకి తాళం వేసి, చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. ఆ ఫైళ్లని చదివిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌లు ఉచితంగానే దొరికేవి.

నెట్ సెంటర్లలో వినియోగదారుల గుర్తింపు కార్డు చూడాలని, క్యాబిన్ గోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదని కేంద్రం 2011లో రూల్స్ పెట్టింది. పక్క క్యాబిన్‌లో ఏం జరుగుతోందో అందరికీ కనబడాలని ఉద్దేశం. హార్డ్‌డిస్క్‌లో మిగిలిపోయిన మాటల్ని ఏ గోడ ఎత్తూ ఆపలేదు కదా.

యాహూ మూసేసినప్పుడు తన దగ్గరున్న చాట్ హిస్టరీని డౌన్‌లోడ్ చేసుకోవడానికి 2018 నవంబర్ చివరి దాకా టైమ్ ఇచ్చింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. కానీ కంప్యూటర్‌లో దాచినవి కంపెనీ మూసేసినా పోవు. మీ ఇంటి అటక మీద 2005, 2008 నాటి సీపీయూ ఏదైనా ఉంటే, పాత సామాన్లవాడికి వేసే ముందు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో యాహూ ఫోల్డర్, అందులో మెసెంజర్, అందులో ప్రొఫైల్స్ తెరిచి చూడండి. మీ ఐడీ పేరుతో ఫోల్డర్ ఉండి, దాని లోపల ఆర్కైవ్ అని కనిపిస్తే మీ పాత కబుర్లు ఇంకా బతికే ఉన్నట్టు. కావాలనుకుంటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అవతల రెండో మనిషి మాటలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి ఎవరికి చూపిస్తున్నారో చూసుకోండి. వద్దనుకుంటే రీసైకిల్ బిన్‌లో వేసి ఊరుకోకండి, ఫైల్ అక్కడి నుంచి కూడా వెనక్కి వస్తుంది. హార్డ్‌డిస్క్ ఊడదీసి మీ దగ్గర పెట్టుకుని, మిగతా డబ్బా మాత్రమే అమ్మేయండి.